గుమ్మంలో మంచం

నడుముకి బెల్టు బిగించుకోనిదే చెప్పులు కూడా వేసుకోలేని వయసులో, బరువెత్తడానికి రమ్మని నాకు కబురొచ్చింది. కబురు పంపింది మా మేస్త్రీ భార్య. ఎత్తాల్సిన బరువు మా మేస్త్రీ.

ఒకప్పుడు మేం నలుగురం ఇళ్ళు ఖాళీ చేయించేవాళ్ళం. అంటే రౌడీలం కాదు. ఇల్లు మారేవాళ్ళ సామాను కట్టి, దించి, లారీకెక్కించి, కొత్త ఇంట్లో మళ్ళీ దించి, "అబ్బే, బీరువా ఆ గోడకే బాగుండేదేమో" అని ఇంటావిడ అంటే నవ్వు మొహంతో మళ్ళీ జరిపే కూలీలం. మాకు పెద్ద మేస్త్రీ. ఆయన కింద పావుకిలో అని ఒకడు. వాడు గుమ్మంలో నిలబడితే గదిలో దీపం వెయ్యాల్సి వచ్చేది, ఆ పేరు అందుకే. ఇంకొకడు అద్దం. గాజు సామాను కట్టడం వాడి పని, కట్టే ముందు ప్రతి అద్దంలోనూ క్రాపు చూసుకోవడం వాడి అలవాటు. వాడి చేతుల్లో ఒక్క అద్దం పగల్లేదు కానీ, సగం రోజు అద్దాలకే అయిపోయేది.

నాలుగోవాణ్ణి నేను. నన్ను "మెల్లిగా" అని పిలిచేవాళ్ళు. బీరువా మెట్లు దిగుతుంటే వెనకనుంచి "మెల్లిగా, మెల్లిగా" అనేది నేనే. మోసేది వాళ్ళు, అనేది నేను. నా వంతుకి తలుపులు ఊడదియ్యడం, మంచాలు విప్పడం, మరలన్నీ డబ్బాలో వేసి ఆ డబ్బా ఎక్కడ పెట్టానో మర్చిపోవడం.

మేస్త్రీకి ఒక పట్టింపుండేది. ఇంట్లో సామాను వెనక వైపు వీధికి కనపడకూడదు. పరుపుని మరకలున్న వైపు లోపలికి మడిచి, పైన దుప్పటి కప్పితేగానీ మెట్లు దిగనిచ్చేవాడు కాదు. బీరువా వెనక ఏళ్ళ తరబడి పట్టిన బూజుని ఆయనే గుడ్డతో తుడిచి మరీ బయటికి తెచ్చేవాడు. మసి పట్టిన గిన్నెలు గోనెసంచిలో అడుక్కి, మెరిసేవి పైకి. లారీలోకి ఎక్కితే ఎవడు చూస్తాడు మేస్త్రీ, ఎందుకొచ్చిన చాకిరీ అని ఒకసారి విసుక్కున్నాను.

"నీ బనీను చిరిగిందని నీకు తెలుసు, నాకు తెలుసు. వీధికెందుకురా?" అన్నాడు.

చొక్కా పైగుండీ పెట్టుకున్నాను. ఆ రోజు నిజంగానే చిరిగి ఉంది.

ఇల్లు మారే రోజున మొగుడూ పెళ్ళాలకి గొడవ రావడం మామూలు. గొంతులు లేవగానే మేస్త్రీ మావైపు తిరిగి, "ఒరేయ్, లారీ టైర్లలో గాలుందేమో చూసి రండి" అనేవాడు. మేం ముగ్గురం వెళ్ళి టైర్ల చుట్టూ తిరుగుతూ, వాటిని తన్నుతూ, గొడవ చల్లారేదాకా నిలబడేవాళ్ళం. ఆ టైర్లని డ్రైవరు కూడా మా అంత శ్రద్ధగా చూసి ఉండడు.

వదినని, అంటే మేస్త్రీ భార్యని, ఆయన చూసింది కూడా పనిలోనే. వాళ్ళ ఇల్లు మారుస్తుంటే, కుట్టుమిషను ఎవరి చేతికీ ఇవ్వనని తనే ఎత్తుకుందట. సగం మెట్లు దిగాక ఆగి, "ఊరికే చూస్తావేంటయ్యా, పట్టుకో!" అని ఆయన మీద కేకేసిందట. ఆయన పట్టుకున్నాడు. పిల్లల్లేరు. ఒక గది ముందు, ఒక గది వెనక, దాని పక్కన వంటిల్లు, స్నానాలగది. ఊరందరి ఇళ్ళూ మార్చిన మనిషి తను మాత్రం ఆ ఇంట్లోంచి కదల్లేదు.

తర్వాత లారీ యజమాని లారీ అమ్ముకున్నాడు. మా మోకాళ్ళని అడిగేవాళ్ళు లేక మేమే ఉంచుకున్నాం. పావుకిలో బడి పిల్లల వ్యాను నడుపుతున్నాడు. అద్దం ఫొటోలకి ఫ్రేములు కట్టే కొట్టు పెట్టుకున్నాడు, అక్కడ చూసుకోవడానికి అద్దాలకి లోటు లేదు. నేను లైట్ల షాపులో గుమాస్తాని. పైన వేలాడే లైటుని చూపించి "ఇది చాలా బాగుంటుందండీ" అంటాను. నా వృత్తిలో ఇప్పుడు నేనెత్తేది మెడ ఒక్కటే. ఎవరింట్లో పెళ్ళయినా కలిసేవాళ్ళం, "ఒకసారి అందరం కలవాలిరా" అనుకునేవాళ్ళం, కలిసినప్పుడే అలా అనుకుంటున్నామన్న సంగతి ఎవరికీ తట్టేది కాదు.

అలాంటి రోజుల్లో వదిన ఫోన్ చేసింది.

"మీ మేస్త్రీకి లోపలంతా పాకిపోయిందట. ఇంక చేసేదేం లేదు, ఇంటికి తీసుకెళ్ళండన్నారు. ఆయన్ని తిప్పీ తిప్పీ నా భుజం పట్టేసింది. మీకు కుదిరితే..." అని ఆగింది. ఇంత కాలంలో ఆవిడ మమ్మల్ని ఏదీ అడగలేదు.

ముగ్గురం వెళ్ళాం. చేతులూపుకుంటూ వెళ్ళకూడదని నేను డజను కమలాపళ్ళు పట్టుకెళ్ళాను. మేస్త్రీ నీళ్ళు తప్ప ఏం ముట్టడంలేదని అక్కడికెళ్ళాక తెలిసింది. ఆ పళ్ళు మొహమాటపడుతూనే మేమే తినేశాం.

వెనక గదిలో, గోడకి ఆనించిన పాత చెక్కమంచం మీద ఉన్నాడు. పొడుగు కాళ్ళ మంచం, ఒక మనిషి పట్టే వెడల్పు, నలుగురు ఎత్తితేగానీ లేవని చెక్క. దాని మీద మేస్త్రీ, ఎవరో వేరే ఇంటికి తరలించడానికి కట్టిపెట్టి మర్చిపోయినట్టు, సన్నగా, దుప్పటి గడ్డం దాకా. మమ్మల్ని చూసి, "ముగ్గురూ కలిసొచ్చారంటే ఇంక నా పని అయిపోయినట్టే" అన్నాడు.

వారంలో కొన్ని రోజులు ఇంటికొచ్చి చూసివెళ్ళే సిస్టర్ అదే సమయానికి వచ్చింది. చిన్న మనిషి, పెద్ద గొంతు. ఆయన వీపు చూసింది, వదిన భుజం నొక్కి చూసింది, మంచాన్నీ గోడనీ చూసింది.

"ఇలా కుదరదమ్మా. మంచానికి రెండు వైపులా మనుషులు నిలబడే చోటుండాలి. గంటకీ రెండు గంటలకీ పక్కకి తిప్పకపోతే వీపంతా పుండవుతుంది. మీ భుజంతో మీరింక ఎత్తడానికి వీల్లేదు. ఎల్లుండి సాయంత్రం వస్తాను. చోటూ, మనుషులూ కనిపించకపోతే వార్డుకి రాసేస్తా."

"మేం ముగ్గురం ఉన్నాం కదండీ" అన్నాడు పావుకిలో, ఛాతీ పొంగించి.

ఆవిడ మమ్మల్ని ఒక్కొక్కరినే చూసింది. అద్దం క్రాపు సర్దుకున్నాడు. నేను పొట్ట లోపలికి లాక్కున్నాను, దాంతో బెల్టు పట్టు ఊడి చర్రుమని చప్పుడైంది.

"మిమ్మల్నెవరు చూసుకుంటున్నారు?" అని అడిగి వెళ్ళిపోయింది.

ఆవిడ మెట్లు దిగేదాకా ఆగి, మేస్త్రీ అన్నాడు: "వార్డుకి నేను వెళ్ళను."

"ఎవరు పంపిస్తారు మేస్త్రీ?"

"నేను చూశానురా ఆ హాలు. ఇటు పొడుగునా మంచాలు, అటు పొడుగునా మంచాలు, మధ్యలో ఒక కర్టెన్ లేదు. ఒక పెద్దాయన్ని బోర్లా తిప్పి తుడుస్తున్నారు. ఇద్దరు కుర్రాళ్ళు, సినిమా కబుర్లు చెప్పుకుంటూ. గుమ్మం దగ్గర టిఫిన్ క్యారియర్ పట్టుకుని నిలబడ్డ ఆవిడ దాకా అందరూ చూస్తున్నారు. ఆయన గోడవైపు చూస్తున్నాడు." కాసేపు ఊపిరి తీసుకున్నాడు. "ఇక్కడే పోతాను. నా ఇంట్లో."

"సరే, అయితే మేం తిప్పుతాం, మేం తుడుస్తాం."

"మీరా? ముట్టుకుంటే చెయ్యి విరుస్తా. నా దగ్గర పని నేర్చుకున్న వెధవలు మీరు. మీ చేత కడిగించుకోమంటావా? మీ వదిన చేస్తుంది."

"వదిన భుజం..."

"కూర్చోండి. కబుర్లు చెప్పండి. నన్ను ముట్టుకోకండి."

అదీ సంగతి. ఆయన వార్డుకి వెళ్ళకూడదంటే మేం ముట్టుకోవాలి. మేం ముట్టుకోకూడదంటే ఆయన వార్డుకి వెళ్ళాలి. రెండూ కుదరవని ఆయనకీ తెలుసు. తెలిసినవాళ్ళకి చెప్పడం ఎంత కష్టమో మాకు తెలుసు. అందుకని మేం కూర్చుని కబుర్లు చెప్పాం. నేను పేపరు చదివి వినిపించాను. రెండో పేజీకి ఆయన నిద్రపోయాడు, మూడో పేజీకి నేనూ నిద్రపోయాను. అద్దం చెంచాతో నీళ్ళు పట్టించబోయి ఆయన చెవిలో పోశాడు. వదిన ఒంటిచేత్తో దిండు సర్దుతూ పళ్ళు బిగబట్టడం మేం చూస్తూ ఉన్నాం. చూసి ఊరుకోవడంలో మేం ముగ్గురం చాలా చురుగ్గా పనిచేశాం.

ఎల్లుండి అన్న రోజు వచ్చింది. మధ్యాహ్నం, పక్కింటావిడ వదినని బలవంతంగా భుజం చూపించుకోవడానికి క్లినిక్కి తీసుకెళ్ళింది. వాళ్ళు వీధి మలుపు తిరగ్గానే పావుకిలో అన్నాడు:

"వెనక గదిలో చోటు లేదు. ముందు గదిలో ఉంది. మంచం ముందు గదిలోకి మారిస్తే సగం పని అయినట్టేగా? సిస్టర్ వచ్చేసరికి చోటైనా చూపిద్దాం. ఏమంటావ్ మేస్త్రీ?"

మేస్త్రీ కళ్ళల్లోకి వెలుగొచ్చింది. పని మాట విన్న వెలుగు అది. "నన్ను దించడానికి వీల్లేదు" అన్నాడు.

"దించం. మంచంతో సహా జరుపుతాం."

"గుమ్మం కొలిచారా?"

అద్దం జానలతో కొలిచాడు. తలుపు తీసేస్తే పడుతుంది, వేలెడు సందుతో. గదుల మధ్య గుమ్మం కాబట్టి గడప లేదు.

"మెల్లిగా, తలుపు ఊడదీశావా?"

"తీశా మేస్త్రీ."

"బందులు?"

"ఆఁ" అన్నాను.

ఆ "ఆఁ" గురించి చెప్పాలి. తలుపు బందుకి రెండు రేకులుంటాయి, ఒకటి తలుపుకి, ఒకటి ద్వారబంధానికి, మధ్యలో సీల. సీల లాగేస్తే తలుపు చేతికొచ్చేస్తుంది. కానీ ద్వారబంధానికున్న రేకు అలాగే ఉండిపోతుంది. దాన్ని కూడా విప్పాలి, విప్పితేనే మా లెక్కలో తలుపు తీసినట్టు. పై రేకు విప్పాను. కింది రేకు మోకాలెత్తులో ఉంది. దానికి వంగాలి. నా నడుం సంగతి మీకు తెలుసు. అంత చిన్న రేకు ఇంత పెద్ద మంచాన్ని ఏం చేస్తుందిలే అనుకున్నాను. పని మానేసి ఎంతకాలమైందో ఆ ఆలోచనని బట్టే తెలుస్తుంది.

నేను వెనక గదిలో తలవైపు నిలబడి తొయ్యడానికి, వాళ్ళిద్దరూ ముందు గదిలో కాళ్ళవైపు నుంచి లాగడానికి. మంచం కాళ్ళ కింద తడిగుడ్డలు పెట్టాం. మేస్త్రీ పడుకునే చెప్తున్నాడు. "నీ వైపు కొంచెం... ఆపు... ఇప్పుడు రా... ఒరేయ్ పావుకిలో, లాగమన్నా, పెకలించమన్లా." గొంతు చిన్నదైపోయింది కానీ మాటలు అవే. నేనూ అలవాటు ప్రకారం "మెల్లిగా, మెల్లిగా" అంటున్నాను. మా అందరికీ ఒక్కసారిగా హుషారొచ్చింది. ఆ హుషారులో కాస్త గట్టిగా తోశాను.

కర్రుమంది.

మంచం పట్టె మధ్యలో ఒక బోల్టు తల బయటికి ఉంది. అది వెళ్ళి నా రేకు వెనక కూర్చుంది. ముందుకు లాగితే రాదు. వెనక్కి తోస్తే పోదు. రేకు మరలు విప్పుదామంటే వాటి మీద పట్టె అడ్డం. ఎత్తుదామంటే మంచం మీద మేస్త్రీ.

ముగ్గురం ఆ బోల్టు వంక చూశాం.

"బందులు తీశానన్నావ్" అన్నాడు మేస్త్రీ, పైకప్పుకేసి చూస్తూ.

"తీశా... కొన్ని."

"ఒరేయ్, చచ్చిపోతున్నవాడితో కూడా అబద్ధమేనా?"

పావుకిలో నవ్వాపుకోలేక దగ్గాడు. అద్దం అవతల గోడకి తిరిగిపోయాడు. మేస్త్రీ నడుం దాకా నా గదిలో, కాళ్ళు వాళ్ళ గదిలో. నేను వెనక గదిలో బందీని. మంచం కిందనుంచి పాకొచ్చని అప్పటికింకా ఎవరికీ తట్టలేదు. కిటికీకి ఊచలు. వంటిల్లు నా వైపు, స్నానాలగది నా వైపు, వీధి వాళ్ళ వైపు.

నేను రేకుని తిడుతూ గోళ్ళతో గీకుతుంటే, మేస్త్రీ మెల్లిగా అడిగాడు: "మీ వదిన ఎప్పుడొస్తానంది?"

"సాయంత్రం అవుతుందంది. ఎందుకు?"

మొహం పక్కకి తిప్పుకున్నాడు. తర్వాత మాకే తెలిసింది. దుప్పటి తడిసింది. కుదుపుకి కాబోలు. నా తోపుకి.

"అప్పటిదాకా ఇలాగే ఉంటాను. మీరటు పొండి" అన్నాడు.

వాళ్ళు బయటికి పోగలరు. నేనెక్కడికి పోతాను? పోగలిగినవాళ్ళూ కదల్లేదు. ముందు గది కిటికీ తెరిచి ఉంది, ఎదురింటి మేడమీద ఎవరో బట్టలు ఆరేస్తున్నారు. మేస్త్రీ ఆ కిటికీనే చూస్తున్నాడు, వార్డులో ఆ పెద్దాయన గోడని చూసినట్టు.

అద్దం కదిలాడు. కుర్చీ మీది దుప్పటి తీసుకుని దులిపి, కిటికీకి అడ్డంగా కట్టాడు. నాలుగు మూలలూ ముడేశాడు. పక్కన సందు మిగిలితే దాన్నీ లోపలికి దోపాడు, బెల్జియం అద్దం కడుతున్నంత ఓపిగ్గా. తర్వాత వెళ్ళి వీధి తలుపు గడియ పెట్టి వచ్చాడు. గది మసకగా అయింది.

పావుకిలో గొంతు సవరించుకుని, "మేస్త్రీ, నేను పోయి లారీ టైర్లు చూసి రానా?" అన్నాడు.

మేస్త్రీ పొట్ట కదిలింది. ముందు ఏడుస్తున్నాడనుకున్నాను. నవ్వుతున్నాడు. నవ్వితే నొప్పి, నొప్పికి మూలుగు, మూలుగు మధ్యలో మళ్ళీ నవ్వు.

"టైర్లు తర్వాత చూద్దువుగానిలే" అన్నాడు చివరికి. "ముందు చేతులు కడుక్కో."

"నీళ్ళు వాడి వైపున్నాయి."

"అయితే వాడిని తెమ్మను. గోరువెచ్చగా. ఒరేయ్, వేడిగా తెచ్చి నన్ను ఉడకెయ్యకు."

తెచ్చాను. బేసిను ఆయన మీదుగా అందిస్తూ సగం నా ప్యాంటు మీదే పోసుకున్నాను. ఉతికిన బట్టలు అలమారులో ఎక్కడున్నాయో ఆయనే చెప్పాడు. ఎవరు ఎక్కడ పట్టుకోవాలో ఆయనే చెప్పాడు. "పావుకిలో తొడల కింద. మెల్లిగా, నువ్వు చంకల కింద. అద్దం ఆ తడిది లాగేస్తాడు. నేను ఊఁ అనేదాకా ఎత్తకండి."

"ఊఁ" అన్నాడు.

మా చేతులకి పాత మేస్త్రీ బరువే గుర్తు. ఆ బరువుకి సరిపడా బలం పెట్టాం. ఆయన ఒక్కసారిగా గాల్లోకి లేచాడు. నేను వెనక్కి తూలి అలమారుకి కొట్టుకున్నాను. ముగ్గురం మొహామొహాలు చూసుకున్నాం.

"ఖాళీ బీరువారా" అన్నాడాయన, మా చేతుల్లో వేలాడుతూ. "సామానంతా ముందే దించేశారు. ఇంక కిందపెట్టండి."

తుడవడం నా వంతుకి వచ్చింది. మర్యాద కోసం కళ్ళు పైకప్పు మీద పెట్టి, ద్వారబంధం పక్కనుంచి చెయ్యి జాపి, శ్రద్ధగా తుడుస్తున్నాను.

"అది నా చెయ్యి" అన్నాడు పావుకిలో.

"చూసి తుడవరా" అన్నాడు మేస్త్రీ. "చూడకుండా తుడిస్తే అదేం మర్యాద? పనిని చూడకుండా చేసేవాడిని నేనెప్పుడైనా పెట్టుకున్నానా?"

చూసి తుడిచాను. వీపు మీద, తుంటి మీద ఎర్రగా కందిన చోట్లు. అక్కడ వదిన ఎంత మెల్లిగా తుడిచి ఉంటుందో ఊహించుకుని అంత మెల్లిగా. జీవితంలో మొదటిసారి నా పేరుకి తగ్గ పని చేస్తున్నాననిపించింది. ఆ మాట పైకి అనలేదు, అంటే మిగతా ఇద్దరూ బతకనివ్వరు.

తుడిచి, బట్టలు మార్చి, ఉతికిన దుప్పటి కప్పాం. అలవాటు ఎక్కడికి పోతుంది? అద్దం అంచులన్నీ లోపలికి మడిచి, కింది నుంచి బిగించి, భుజాల దగ్గర నా చేత ముడేయించాడు. మేస్త్రీ బయటికి కనిపించేది తల మాత్రమే.

వదిన వచ్చి తలుపు కొట్టేసరికి మేం ముగ్గురం ఆయన చుట్టూ ఏ పాపం తెలియనట్టు కూర్చుని ఉన్నాం. ఆవిడ కిటికీకి కట్టిన దుప్పటి చూసింది, గుమ్మంలో మంచం చూసింది, అవతలి గదిలోంచి తొంగి చూస్తున్న నన్ను చూసింది.

"ఇదేం అవతారం?"

"నీ మరిది బందులు తీశాడే" అన్నాడు మేస్త్రీ.

ఆవిడ దగ్గరికొచ్చి దుప్పటి అంచు ఎత్తింది. పొడి బట్టలు. చెయ్యి కింద పెట్టి చూసింది. పొడి పరుపు.

"ఎవరు మార్చారు?"

"కూలీలు."

ఆవిడ ముందు గదిలో కుర్చీలో కూర్చుంది. సంచి ఒళ్ళోనే పెట్టుకుని, చెప్పులు కూడా విప్పకుండా. ఎన్నాళ్ళ తర్వాత అలా కూర్చుందో. మేం తిడుతుందేమోనని ఎదురుచూస్తున్నాం. "ముడెవరు వేశారు? మనిషికి ఊపిరాడుతోందా?" అంది కాసేపటికి, అంతే.

సిస్టర్ వచ్చింది. గడపలోనే నిలబడిపోయింది. వివరం చెప్పడానికి ముగ్గురం ఒక్కసారే నోరు తెరిచాం, ఆవిడ చెయ్యెత్తి ఆపింది. ముందు గదిలో మంచానికి ఇటూ అటూ నిలబడి చూసింది. వంగి, నా గదిలోకి చూసి, "మీ వైపు రెండు పక్కలా చోటుందా?" అని అడిగింది. ఉందన్నాను. సగం మంచం బయటికెళ్ళిపోయింది కదా, నా గది హాయిగా ఉంది. ఆయన్ని పక్కకి తిప్పమంది. మేస్త్రీ ఊఁ అన్నాడు, తిప్పాం. ఈసారి బలం తక్కువే పెట్టాం. వీపు చూసింది.

"రెండు వైపులా చోటు చూపించమన్నాను. నాలుగు వైపులా చూపించారు" అంది. "ఎలా చేశారో నాకు చెప్పకండి. రోజూ ఇలాగే తిప్పుతారా?"

మేం మేస్త్రీ వంక చూశాం. మేం కాదు చెప్పాల్సింది.

"తిప్పుతారు" అన్నాడాయన. "చెప్తూ ఉండాలి, అంతే."

వార్డు మాట ఆవిడ మళ్ళీ ఎత్తలేదు.

మర్నాడు పావుకిలో బోల్టు కొయ్యడానికి రంపం తెచ్చాడు. మేస్త్రీ వద్దన్నాడు. అక్కణ్ణుంచి ఒక కంట వీధి కనిపిస్తుంది, తల తిప్పితే వంటింట్లో వదిన కనిపిస్తుంది. "ఇన్నేళ్ళూ గుమ్మాలు దాటించడమే సరిపోయింది. ఒక్కరోజు గుమ్మంలో కూర్చోలేదు. ఉండనీ" అన్నాడు. నా పొరపాటుని ఒక మనిషి అంత ఇష్టంగా అనుభవించడం అదే మొదలు.

దాంతో ఇంట్లో రాకపోకలన్నీ మంచం కిందనుంచే. వదిన సులువుగా వెళ్ళిపోయేది. అద్దం పాకే ముందు క్రాపు మీద రుమాలు కట్టుకునేవాడు. పావుకిలో పట్టలేదు. వాడు ముందు గదికే పరిమితం, వాడికి కావలసినవన్నీ మేస్త్రీ మీదుగా అందించాలి. సిస్టర్ బ్యాగుని ముందు తోసి, వెనక తను పాకి, అవతల లేచి నిలబడి చీర సర్దుకుని, "ఎలా ఉన్నారండీ?" అని అడిగేది, తలుపు తట్టి వచ్చినట్టే. చూడ్డానికొచ్చిన బంధువొకాయన, తను పాకనని పట్టుబట్టి, ముందు గదిలో నిలబడి మేస్త్రీ కాళ్ళనే పలకరించి వెళ్ళిపోయాడు. మేస్త్రీకి అది బాగా నచ్చింది.

మేం వంతులేసుకున్నాం. పావుకిలో వ్యాను ట్రిప్పుల మధ్యలో, అద్దం కొట్టు తెరవక ముందు, నేను షాపు కట్టేశాక, సెలవులకి ముగ్గురం. తిప్పడం, తుడవడం, పెదాలు తడపడం, మందు నాలుక కింద వెయ్యడం అన్నీ వచ్చేశాయి. మొదట్లో ఆయన "ఊఁ" అంటే ఎత్తేవాళ్ళం. తర్వాత ఊఁ అనే ఓపిక పోయింది, వేలు కదిపేవాడు. తర్వాత కళ్ళు మూసి తెరిచేవాడు. మేం చూసి, ఎత్తేవాళ్ళం.

ఆ రోజు సెలవు. ముగ్గురం ఉన్నాం. పదకొండు ప్రాంతంలో వంటింట్లో వదిన టీ పెట్టి, గ్లాసులు ట్రేలో పెట్టి నాకిచ్చింది. ట్రేని ముందుకి తోస్తూ, నేను మంచం కిందకి దూరాను. పైన పావుకిలో, అద్దం వాదించుకుంటున్నారు, ఎప్పుడో ఒక డాక్టరుగారి ఇనప్పెట్టె ఎన్నో అంతస్తుకి ఎక్కించామా అని.

"మూడు."

"నాలుగురా. నా గోరు ఊడింది నాలుగులోనే."

"నీ గోరు ప్రతి అంతస్తులోనూ ఊడింది."

మధ్యలోకి వచ్చేసరికి నా బెల్టు ఏదో మేకుకి తగులుకుంది. ముందుకీ పోను, వెనక్కీ పోను. గ్లాసు ఒకటి ఒరిగి టీ నా చొక్కా మీదికి వచ్చింది. అరుద్దామనుకున్నాను. అరిస్తే ఇంక జీవితాంతం చెప్పుకుంటారని ఊరుకుని, నా పాటికి నేను గింజుకుంటున్నాను.

"మేస్త్రీ, నువ్వు చెప్పు. మూడా, నాలుగా?" అన్నాడు పావుకిలో.

జవాబు లేదు.

"మేస్త్రీ?"

కుర్చీ జరిగిన చప్పుడు. వంటింటి వైపునుంచి వదిన పాదాలు వచ్చి మంచం పక్కన ఆగాయి. మడమలు పైకి లేచాయి, ఆయన మీదికి వంగినట్టుంది. చాలాసేపు అలాగే ఉండి, మళ్ళీ నేలమీదికి దిగాయి. అటు పక్క పావుకిలో చెప్పులు, అద్దం బూట్లు, కదలకుండా. పైన పలకల మధ్యనుంచి పరుపు నా నెత్తికి వేలెడు దూరంలో ఉంది. నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

కాసేపటికి వదిన నేలమీద కూర్చుంది. చెయ్యి ఆనించి, వంగి, కిందకి చూసింది. నేను బోర్లా పడుకుని, చొక్కా నిండా టీతో, ఆవిడ వైపు తల తిప్పాను.

"ఇంట్లోనే పోయారు" అంది, నాకు ఆ సంగతి తెలియదేమో చెప్పాలన్నట్టు.

"అవును వదినా" అన్నాను.

నన్ను బయటికి లాగమని అడగడానికి అది సమయం కాదనిపించి, అలాగే పడుకున్నాను.